నీట మునిగిన గ్రంథాలయము

పూర్వము మన లేఖకులు తాళపత్ర గ్రంథమును వ్రాసి ముగించిన పిమ్మట చివరి ఆకుపై తమ పేరును, సంవత్సరమును, తిథిని వ్రాసి, వానికి తోడు చదువరులకొక విన్నపము గూడ చేర్చుట కలదు. నూనె తగులనీయకుడనియు, నీరు సోకనీయకుడనియు, కట్టు వదులు కానీయకుడనియు ఆ విన్నపము సారాంశము. నూనెయు నీరును కలిసి ఒకే రాత్రి ఒకే గ్రంథాలయములో ప్రవేశించుననియు, లక్షల గ్రంథముల కట్లు ఒక్కుమ్మడి వదులగుననియు ఆ లేఖకులు కలలోనైన తలచి యుండరు. ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరమున 1966వ సంవత్సరము నవంబరు 4వ తేదీన అట్లే జరిగెను.

ఫ్లారెన్సు నగరము ఆర్నో నదికి ఇరువైపుల నున్నది. ఆ నది వేసవిలో చూచినవారికి వాగువలె కనబడును. కాని కొండల నుండి వచ్చు నదుల శాంతమును నమ్మరాదు. 1333లో సరిగా నవంబరు 4వ తేదీననే ఆర్నో పొంగి నగరమును ముంచెత్తి, పోంతె వెక్కియో యను పాత వంతెనను కూల్చెను. ఇప్పుడు మనము చిత్రములలో చూచెడి వంతెన 1345లో తిరిగి కట్టినది. 1557లోను 1844లోను మరల పెద్ద వరదలు వచ్చినవి. ఎన్ని వచ్చినను నగరవాసులు నది యొడ్డును వదలలేదు. మనమును గోదావరి గట్టును, కృష్ణ గట్టును వదలితిమా?

1966 నవంబరు 3వ తేదీ రాత్రి యంతయు కుండపోతగా వాన కురిసెను. మరునాడు మొదటి ప్రపంచయుద్ధ విజయమునకు సంబంధించిన జాతీయ దినము. దుకాణములకు, కచేరీలకు సెలవు. జనులు ఆలస్యముగా నిద్ర లేవవచ్చునని పండుకొనిరి. నగరమునకు హెచ్చరిక చేసిన వారు లేరు. పోంతె వెక్కియో వంతెనపై బంగారు వర్తకుల అంగళ్ళు కలవు. అక్కడి రాత్రి కావలివారు నీటి పోకడ గమనించి తమ యజమానులకు కబురు చేయగా, వారు చీకటిలోనే వచ్చి కొంత సొత్తు తరలించుకొనిరి. పుస్తకములకు అట్టి కావలివారు దొరకలేదు. తెల్లవారు నప్పటికి నది వీధులలో ప్రవహించుచుండెను. సాంతా క్రోచె చర్చి పరిసరములలో నీరు 6 మీటర్లకు పైగా లేచెను. ఆ చర్చి పక్కనే, నది యొడ్డుననే, ఇటలీ జాతీయ కేంద్ర గ్రంథాలయము నిలిచి యున్నది.

ఈ గ్రంథాలయమునకు మూలపురుషుడు ఆంటోనియో మల్యబెకి యను పుస్తక పిపాసి. ఆయన 1714లో మరణించుచు దాదాపు 30,000 గ్రంథములను నగరమునకు ధారపోసెను. ఆ బీజమే పెరిగి పెరిగి మహావృక్షమాయెను. ఇప్పటి భవనము 1911లో ఆరంభమై 1935లో తెరువబడినది. బరువైన పుస్తకములను క్రిందను, తేలికవానిని పైనను ఉంచుట ఎల్లయెడల గ్రంథాలయముల వాడుక. అందుచేత మల్యబెకి సంపుటములలో పెద్ద పరిమాణము గలవి, వానితో పాటు వార్తాపత్రికల సంచయము క్రింది అంతస్తులోను, నేలమాళిగలోను ఉండెను. వ్రాతప్రతులలో అధిక భాగము పై అంతస్తులలో నుండుటచే బ్రతికినవి. క్రింద నున్న వానిలో పది లక్షలకు పైబడిన పుస్తకములు, పత్రికలు, కరపత్రములు బురద పాలయ్యెను. ఏ పుస్తకమెక్కడ నున్నదో తెలుపు సూచీపత్రములు గూడ నానిపోయెను.

నీరు మాత్రమే వచ్చి యున్నచో కష్టము సగము. చలికాలమునకు ముందుగా ఇండ్లను వెచ్చచేయుటకై నగరవాసులు నేలమాళిగలలోని తొట్లను మండెడి నూనెతో నింపుకొని యుండిరి. వరద ఆ తొట్లను పగులగొట్టెను. నల్లని నూనె నీటిపై తేలి, నీరెంత ఎత్తు లేచెనో అంత ఎత్తున గోడలపై చారవలె అంటుకొనెను. మురుగు కాలువలు వెనుకకు పొంగెను. నీరు ఒక దినములోనే తగ్గినది గాని, వీధులలోను ఇండ్లలోను దాదాపు 6 లక్షల టన్నుల బురద మిగిలెనని అంచనా. నేలమాళిగలలో నీరు తనంతట తాను పోదు గదా! అది అక్కడనే నిలిచి, క్రుళ్ళ నారంభించెను.

ఆ నేలమాళిగలలోనికి దిగినవారెవరు? విద్యార్థులు. మొదట ఆ నగరపు వారు, తరువాత ఇటలీ యందలి యితర నగరముల వారు, పిమ్మట అన్యదేశముల వారు. వారిని ఎవరును పిలువలేదు, ఎవరును జీతమీయలేదు. పొడుగు జుట్టు, మోటు దుస్తులు గల ఆ కాలపు యువకులను చూచి పెద్దలు అప్పటి వరకు మొగము చిట్లించుచుండిరి; ఆ పెద్దలే తరువాత వారిని 'బురదలోని దేవదూతలు' అని పిలిచిరి. గ్రంథాలయపు మెట్లపై వరుసగా నిలిచి, చేతినుండి చేతికి పుస్తకమందించుచు, పైకి చేర్చిరి. చర్మము, జిగురు క్రుళ్ళిన దుర్గంధము భరింపరానిది యగుటచే పలువురు ముఖములకు విషవాయువుల తొడుగులు ధరించి పనిచేసిరి. గ్రంథాలయాధిపతి ఎమాన్యుయేల్ కాసమస్సీమా ఆ పనిని దగ్గర నుండి నడిపెను.

ఇంతవరకు కథ వీరగాథ వలె నున్నది. పత్రికలలో చిత్రములు వచ్చినవి. సుప్రసిద్ధ దర్శకుడు ఫ్రాంకో జెఫిరెల్లి ఒక చలనచిత్రము గూడ తీసెను. కాని నాకు దీనికంటె తరువాతి ఘట్టమే ముఖ్యముగా తోచును. పైకి తెచ్చిన పుస్తకమును ఏమి చేయవలెను? ఆరబెట్టవలెను అని బడిపిల్లవాడైన చెప్పును. ఎట్లు ఆరబెట్టవలెనో ఆనాడు ప్రపంచములో ఎవరికిని పూర్తిగా తెలియదు. ఇన్ని లక్షల పుస్తకములు ఒక్కసారి తడియుట అంతకుముందు ఎవరికిని అనుభవములో లేదు.

తడిసిన పుస్తకము స్వభావమును కొంచెము తెలిసికొందము. కాగితము పీచుతో చేసినది. పీచు నీటిని త్రాగును. 1840కి పూర్వపు పుస్తకములు తమ బరువులో సగటున నూటికి 80 వంతుల నీటిని పీల్చుకొనునని తరువాత లెక్క కట్టిరి. గుడ్డపీలికలతో చేసిన ఆ పాత కాగితము అంత నీరు త్రాగియు చెడదు. ఆరిన పిమ్మట తిరిగి కాగితముగనే యుండును. ఆధునిక పుస్తకము 60 వంతులు మాత్రమే త్రాగును గాని దాని కాగితము బలహీనము. నీరు త్రాగిన పుస్తకము ఉబ్బును. అరలో ఇరుకుగా పేర్చిన పుస్తకములన్నియు ఉబ్బినచో ఒకదానినొకటి నొక్కుకొని అరనే వంచివేయును, లేదా తామే చిట్లి క్రింద పడును. అట్ట వెనుకనున్న జిగురు కరగును. తోలు మెత్తబడి ముద్దయగును. ఇక నునుపైన మెరుగు కాగితము సంగతి వేరు. దాని మెరుపునకు కారణము పైన పూసిన సుద్ద, జిగురు. తడిలో ఆ పూత కరగి, పుటలు పరస్పరము అంటుకొని, ఆరగానే ఒకే పలకయై పోవును. అట్టి పుస్తకము తడిగా నుండగనే పుటలు విడదీయవలెను. ఆరిన తరువాత బ్రహ్మదేవుడైన విడదీయలేడు.

వీటన్నిటిని మించిన శత్రువు బూజు. గాలిలో బూజు బీజములెప్పుడును ఉండును. తేమ, వెచ్చదనము కలిసినచో 48 గంటలలోనే అవి మొలకెత్తును. ఫ్లారెన్సులో అది నవంబరు మాసము, చలి దినములు. అందుచే కొంత వ్యవధి లభించెను. అట్టి వరద మన వైపు ఆగస్టులో వచ్చి యున్నచో ఏమగునో ఊహించుకొనవచ్చును.

ఆతురతలో వారు చేసినవన్నియు మంచివి కావు. తేమ పీల్చుటకై పుస్తకములపై రంపపు పొట్టు చల్లిరి. ఆ పొట్టు బురదతో కలిసి పుటల మడతలలోను, కుట్లలోను చిక్కుకొనెను. తరువాత దానిని కుంచెలతో దులుపుటయే పెద్ద పనియాయెను. వేలకొలది పుస్తకములను లారీలలో వేసి పొగాకు ఆరబెట్టెడి కొలుములకు, ఇటుకల ఆవములకు పంపిరి. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతముల వారికి పొగాకు బ్యారనులనగా నేమో చెప్పనక్కరలేదు. పచ్చని ఆకును నియమితమైన వేడిలో పసుపు పచ్చగా మార్చు గదులవి. పుస్తకమునకు ఆ వేడి ఎక్కువ. కాగితము తొందరగా ఆరినది గాని, తోలు బిగుసుకొనెను, చర్మపత్రములు ముడతలు పడెను, కడుగక మిగిలిన బురద సిమెంటు వలె గట్టిపడెను. అయినను ఆ కొలుములు లేకున్నచో అవన్నియు బూజు పాలై యుండెడివి. తప్పుచేసిరని నేడు కుర్చీలో కూర్చుండి పలుకుట సులభము.

క్రమముగా పని ఒక దారికి వచ్చెను. నగరపు రైలు నిలయమునకు వేడి యందించు యంత్రశాలను కడుగుటకు, ఆరబెట్టుటకు కేటాయించిరి. పుస్తకము కుట్టు విప్పి, పుటలు విడదీసి, నీటిలో బురద కడిగి, బూజునాపు మందులో ముంచి, తీగలపై ఆరవేసిరి. ఇంగ్లండు నుండి పీటర్ వాటర్సు అను జిల్దుకూర్పు నిపుణుడు, ఆయన మిత్రులు వచ్చి, ఒక్కొక్క పుస్తకమునకు ఒక్కొక్క చీటి ఏర్పరచిరి. దానిపై పుస్తకమునకు చేయవలసిన చికిత్స, జరిగిన చికిత్స గుర్తులతో సూచింపబడును. ఇటాలియను రానివాడును, ఇంగ్లీషు రానివాడును ఆ గుర్తులను చదువగలడు. ఆసుపత్రిలో రోగి మంచమునకు కట్టెడి చీటి వంటిదే ఇదియును.

ఇందులో ఒక చిత్రమైన విషయము బయటపడెను. బంగారు పూత, చెక్క పలకలు, దళసరి తోలు గల ఘనమైన జిల్దులు నాశనము కాగా, చౌకగా పలుచని చర్మపత్రముతో మెత్తగా కప్పిన సామాన్యపు జిల్దులు వరదకు చక్కగా తట్టుకొనెను. వానిలో జిగురు తక్కువ, మడత ఎక్కువ. ఈ సంగతిని గమనించిన క్రిస్టఫర్ క్లార్క్‌సన్ అను నిపుణుడు అట్టి జిల్దుపై తరువాత ఒక గ్రంథమే వ్రాసెను. మన తాళపత్రములకు జిగురన్నదే లేదు గదా. రెండు చెక్కలు, ఒక దారము!

ఇక గోడలు. పుస్తకముల కంటె గోడలు మెల్లగా ఆరును. రాతిగోడ గాని ఇటుకగోడ గాని అంగుళమునకు ఒక మాసము చొప్పున ఆరునని పనివాండ్ర మోటు లెక్క యొకటి కలదు. రెండడుగుల దళము గల గోడకు రెండేండ్లు! లోపలి నీరు ఉపరితలమునకు వచ్చి ఆవిరియగునప్పుడు తనతో కరిగిన లవణములను తెచ్చి పైన వదలిపోవును. మన ఊళ్ళలో గోడ చవుడెక్కినదందురే, అదియే. సున్నపు పూత రాలుటకు ఆ లవణపు స్ఫటికముల ఒత్తిడియే కారణము. సామాన్యపు గోడకు పూత రాలినచో మరల పూయవచ్చును. ఫ్లారెన్సులోని గోడలపై ఆరేడు వందల యేండ్ల నాటి చిత్రములు కలవు. నీరు తగ్గిన నాడు చెక్కుచెదరక కనబడిన చిత్రము, గోడ ఆరుచున్నకొలది పొడిపొడిగా రాలుట ఎంతటి బాధయో! అచ్చటి రసాయన శాస్త్రజ్ఞుడు ఎంజో ఫెరోని దీనికొక ఉపాయము కనుగొనెను. కాగితపు గుజ్జులో ముందుగా అమ్మోనియం కార్బొనేటు, తరువాత బేరియం హైడ్రాక్సైడు నానబెట్టి గోడపై పట్టువేసినచో, హాని చేయు సల్ఫేటు లవణము నీట కరుగని బేరియం సల్ఫేటుగా మారి, పూతను గట్టిపరచును. రసాయన శాస్త్రము బోధించు ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన ఉదాహరణ మిది.

చెక్కపై వ్రాసిన చిత్రములకు దీనికి విరుద్ధమైన చికిత్స చేయవలసి వచ్చెను. వానిని త్వరగా ఆరనీయరాదు. ఆరినచో చెక్క ముడుచుకొని రంగు పెచ్చులుగా లేచిపోవును. కనుక రాజోద్యానములో నిమ్మచెట్లను చలినుండి కాపాడుటకు కట్టిన దీర్ఘశాలలో వానిని ఉంచి, మొదట గాలిలో తేమను నూటికి 90 వంతులకు పైగా నిలిపి, మాసముల తరబడి కొంచెము కొంచెముగా తగ్గించిరి. సాంతా క్రోచె లోని చిమబూయె చిత్రించిన మహాశిలువ మాత్రము అప్పటికే తన రంగులో సగమునకు పైగా పోగొట్టుకొనెను.

ఈ పాఠములు వృథా పోలేదు. 1972లో అమెరికాలోని కార్నింగు గాజు ప్రదర్శనశాలను వరద ముంచినప్పుడు, తడిసిన పుస్తకములను ఆరబెట్ట తొందరపడక, మొదట మంచుగడ్డ కట్టించిరి. గడ్డకట్టిన పుస్తకములో బూజు పెరుగదు, పుటలంటుకొనవు, తీరికగా ఒక్కొక్కటి తీసి బాగుచేయవచ్చును. పీటర్ వాటర్సు గూడ అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు వెళ్ళి, తడిసిన పుస్తకములను రక్షించు విధానముపై 1975లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ప్రపంచములో గ్రంథపాలకులు చాలకాలము దానినే ఆధారముగా గ్రహించిరి.

మన సంగతికి వత్తము. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతమును ముంచగా, ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. ఆ వరదలో ఇండ్లు మునిగినవి. నీరు దిగిన పిమ్మట అగ్నిమాపక యంత్రములతో ఇండ్లలోని బురద కడిగిరి. పూర్వము మన ఊళ్ళలో నేలమాళిగ అరుదు; ఇప్పుడు పట్టణములలో ప్రతి భవనమునకు సెల్లారు కలదు. కనుక ఒకటి రెండు సంగతులు తెలిసి యుండుట అవసరము.

నీట నిండిన సెల్లారును చూడగానే పంపు పెట్టి ఒక్కసారి తోడివేయవలెనని తోచును. అది ప్రమాదము. వెలుపలి నేల యింకను నీటితో నిండి గోడలను లోపలికి నొక్కుచుండును. లోపలి నీరు ఆ ఒత్తిడికి ఎదురు నిలిచి యున్నది. దానిని తొందరగా తీసివేసినచో గోడ లోపలికి ఒరుగును, నేల పైకి ఉబ్బును. దినమునకు మూడవ వంతు చొప్పున తోడుచు, వెలుపలి నీటి మట్టము తగ్గుచున్నదో లేదో గమనించుచుండవలెను. విద్యుత్తు పూర్తిగా ఆపించకుండ ఎవరును దిగరాదు. పెట్రోలు యంత్రమును లోపల నడుపరాదు. దాని పొగలోని విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. బురద తడిగా నుండగనే తీసివేయవలెను. ఆరినచో గునపము కావలసి వచ్చును. గోడలు ఆరువరకు రంగు గాని సిమెంటు పూత గాని వేయరాదు. వేసినచో తేమ లోపలనే బందీయై మరొకచోట బయటపడును. మన పాత ఇండ్ల డంగుసున్నము పూతలో ఒక గుణమున్నది: అది తేమను వెలుపలికి పోనిచ్చును.

పుస్తకముల విషయములో నేనే అపరాధిని. 1996 నవంబరు 6 నాటి తుఫానునకు కోనసీమలో నేను పనిచేయుచుండిన పాఠశాల పెంకులు లేచిపోయి, గ్రంథాలయపు గది వానకు తెరువబడెను. మరునాడు ఎండ కాయగానే, పిల్లలను పిలిచి, పుస్తకములన్నిటిని ఆటస్థలములో ఎండలో పరపించితిని. ఎంత చురుకుగా పనిచేసితిమో యని గర్వించితిని గూడ. అట్టలు విల్లువలె వంగినవి. పుటలు అలలు తేలినవి. నీడలో, గాలి తగులునట్లు, పుటల నడుమ తెల్లకాగితములుంచి, గంట గంటకు మార్చుచు ఆరబెట్టవలెనని నాకప్పుడు చెప్పినవారు లేరు. అడిగి తెలిసికొను బుద్ధియు నాకు పుట్టలేదు.

ఫ్లారెన్సు గ్రంథాలయములో 2016లో, వరద జరిగి 50 సంవత్సరములైన పిమ్మటను, బాగుచేయవలసిన పుస్తకములు మిగిలియే యుండెను. వానిని విప్పి, కడిగి, తిరిగి కుట్టుటకు వారికొక ప్రయోగశాల కలదు. మా పాఠశాలలో అట్టిదేదియు లేదు. మెరుగు కాగితముపై అచ్చయిన పెద్ద పటముల పుస్తకమొకటి, ఆ యెండలో ఆరి చెక్కవలె గట్టిపడినది, పారవేయుటకు మనసొప్పక నా బీరువాలో పెట్టుకొంటిని. చాల యేండ్ల తరువాత ఒక విద్యార్థి దానిని చూచి, ఆవిరి పట్టినచో విడిపోవునేమో యనెను. ఇద్దరము కలిసి మరగు నీటి గిన్నెపై పట్టి, చాకు మొనతో అంచు వెంబడి మెల్లగా తీసితిమి. రెండు పుటలు విడినవి. ఆఫ్రికా ఖండములో సగము ఒక పుటపై నిలిచెను. మిగిలిన సగము ఎదుటి పుటను అంటుకొని వచ్చెను.